ఎండాకాలంలో తోలుగుడ్లు: నీటిలో వంటసోడా పనిచేస్తుందా?

పగటి వేడి 40 డిగ్రీలు దాటినప్పటి నుంచి, అంటే మూడు వారాలుగా, మా పెరటిలోని ఆరు కోడిపెట్టల్లో మూడు, వేలితో నొక్కితే సొట్టపడేంత పలుచని పెంకుతో గుడ్లు పెడుతున్నాయి. నిన్న గూటిలో దొరికినదైతే అచ్చంగా తోలుగుడ్డే, అంటే గట్టి పెంకు లేకుండా మెత్తని పొర మాత్రమే ఉన్నది. పెట్టల వయసు 14 నెలలు. గుడ్ల కోళ్ల దాణాయే వేస్తున్నాను, పది రోజులుగా సున్నం కోసం విడి గిన్నెలో ఆల్చిప్పల ముక్కలు ఉంచుతున్నాను, గూటిపై నీడవల కట్టి, మధ్యాహ్నం రెండుసార్లు నీళ్లు మారుస్తున్నాను. అయినా 12 నుంచి 4 గంటల వరకు అవి ముక్కులు తెరిచి రొప్పుతూనే ఉన్నాయి, దాణా సగమే తింటున్నాయి. రొప్పడం వల్ల రక్తంలో, పెంకు తయారీకి కావలసిన బైకార్బొనేట్ (వంటసోడాలో ఉండేదే) తగ్గి పెంకు పలుచబడుతుందని చదివాను కనుక, లోపం సున్నంలో లేదేమోనని నా అనుమానం. ఇలాంటప్పుడు తాగే నీటిలో వంటసోడా కలిపి ఫలితం చూసినవారు, లీటరుకు ఎంత మోతాదులో, ఏ వేళల్లో ఇచ్చారో దయచేసి చెప్పగలరా?