కాలి గోరు పసుపెక్కితే ఫంగసే అనుకోవచ్చా, పరీక్ష చేయించాకే మందు మింగాలా?

నడకమనిషి
నమస్కారం. నా రెండు కాళ్ల బొటనవేళ్ల గోళ్లూ దళసరిగా తయారయ్యాయి. ముందు మొదలైంది ఎడమది. కొన నుంచి సగం దాకా పసుపెక్కింది, గోరు చర్మాన్ని వదిలి పైకి లేచింది, కింద పొడిలాంటిది రాలుతోంది. కుడిది అంత లేదు. రోజూ చాలా దూరం నడుస్తాను. చేతి గోళ్లలో రెండింటి మీద గుండుసూదితో పొడిచినట్టు చిన్న చిన్న గుంటలు ఉన్నాయి. కుడి చేతి బొటనవేలి గోరు మీద నల్లటి గీత ఒకటి ఉంది కానీ, అది ఎప్పుడో తలుపు సందులో నలిగిన గుర్తు అనుకుంటాను. మందుల షాపులో ఇచ్చిన ఫంగస్ క్రీము రాస్తున్నాను, మార్పు లేదు. తెలిసినవాళ్లలో ఒకరు మాత్రలు మొదలుపెట్టమంటున్నారు, ఇంకొకరు అది సోరియాసిస్ అనే చర్మజబ్బు కావచ్చు, పరీక్ష చేయించమంటున్నారు. ఎవరి మాట వినాలి?

అనుభవసారం
దళసరి, పసుపు, కింద పొడి, ముందు ఒక వేలు ఆ తర్వాత రెండోది. ఇంకేమి కావాలండీ? ఇది ఫంగసే. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోకండి. దళసరెక్కిన గోరులోంచి క్రీము లోపలికి దిగదు, అందుకే మీకు మార్పు కనబడలేదు. టెర్బినాఫిన్ అనే ఫంగస్ మాత్ర రోజుకు 250 మిల్లీగ్రాములు, కాలి గోళ్లకైతే 12 వారాలు. డాక్టర్లు మామూలుగా రాసే కోర్సే ఇది. ముందు కాలేయానికి సంబంధించిన రక్తపరీక్ష ఒకటి చేయించుకుని, రాయించుకుని మొదలుపెట్టండి. కల్చర్, అంటే నమూనాలోని ఫంగస్‌ను ల్యాబులో పెంచి చూసే పరీక్ష, దాని ఫలితం రావడానికే వారాలు పడుతుంది, ఆ లోపు ఫంగస్ చేతులు కట్టుకుని కూర్చోదు. పైగా కాలి గోరు నెలకు మిల్లీమీటరు, మహా అయితే మిల్లీమీటరున్నర పెరుగుతుంది. మందు ఈ రోజే పనిచేయడం మొదలుపెట్టినా మొత్తం కొత్త గోరు రావడానికి ఏడాది పైనే. ఆలస్యం చేసినకొద్దీ నష్టం మీకే.

స్లైడుపక్షి
రోజూ గోటి నమూనాలు చూడటమే నా ఉద్యోగం కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. దళసరెక్కి ఆకారం చెడిన గోళ్లలో ఫంగస్ వల్ల వచ్చేవి దాదాపు సగమే. మిగతావాటిలో సోరియాసిస్, బూట్ల ఒత్తిడి, లైకెన్ ప్లానస్ అనే మరో చర్మజబ్బు లాంటివి ఉంటాయి. సోరియాసిస్‌లోనూ గోరు పసుపెక్కుతుంది, లేస్తుంది, కింద పొట్టు పేరుకుంటుంది. కాలి గోరు ఒక్కదాన్నే చూసి తేడా చెప్పడం నిపుణులకే కష్టం.

అందుకే చేతి గోళ్ల మీద గుంటలు అని ఆయన రాసిన మాట ముఖ్యం. గోరు తయారయ్యేది దాని మొదట్లో, చర్మం కింద. సోరియాసిస్ అక్కడి తయారీనే చెడగొడుతుంది కాబట్టి పైన గుంటలు పడతాయి. ఫంగస్ చాలావరకు కొన నుంచో పక్కల నుంచో లోపలికి పాకుతుంది, గుంటలు పెట్టడం దాని పద్ధతి కాదు. లేచిన భాగం చుట్టూ ఎర్రటి అంచు ఉందా, గోరు కింద నూనె చుక్క ఇంకినట్టు నారింజ రంగు మచ్చ ఉందా చూసుకోండి. ఉంటే అనుమానం ఇంకా బలపడుతుంది. రెండు జబ్బులూ ఒకే గోటిలో ఉండటం కూడా అరుదేమీ కాదు.

నిర్ధారణ లేకుండా గోటి ఫంగస్‌కు మాత్రలు రాయవద్దని అమెరికన్ అకాడమీ ఆఫ్ డెర్మటాలజీ 2013లోనే చెప్పింది. ఇది నా చాదస్తం కాదు.

గుమ్మడిపువ్వు
నాకూ అచ్చం ఇలాగే ఉంది. ఏమని తేలిందో తర్వాత చెప్పండి.

బూట్లబాధితుడు
బూటు ముందు భాగం ఇరుకుగా ఉందా? కాలి వేళ్ల సందుల్లో పొట్టు లేస్తోందా? ఈ రెండూ చెప్పకుండా ఎవరూ ఏమీ తేల్చలేరు.

అనుభవసారం
స్లైడుపక్షి గారూ, సగం అన్నారు. అంటే మిగతా సగం ఫంగసే కదా! ఏ ఒక్క జబ్బుకైనా అంత వాటా ఉంటే ముందు దాన్నే పట్టుకుంటారు ఎవరైనా. పైగా ఆ సగం లెక్క చెడిపోయిన గోళ్లన్నిటినీ కలిపి వేసింది. కింద పొడి రాలుతూ, ఒక వేలి నుంచి ఇంకో వేలికి పాకే గోళ్లను మాత్రమే లెక్కలోకి తీసుకుంటే వాటా ఎంత పెరుగుతుందో చెప్పండి.

2013 మాట మీరు చెప్పారు, 2016 మాట నేను చెబుతాను. జామా డెర్మటాలజీ అనే వైద్య పత్రికలో ఖర్చుల లెక్క వేశారు. టెర్బినాఫిన్ మాత్రల విషయంలో ముందు పరీక్షలు చేయించడం కంటే నేరుగా మందు మొదలుపెట్టడమే చవక అని తేలింది. కాలేయం మీద ఆ మందు ప్రభావం చాలా అరుదు కాబట్టే ఆ లెక్క కుదిరింది.

స్లైడుపక్షి
ఆ వ్యాసం రెండో సగం కూడా చెప్పండి. గోటిపై రాసే, అప్పట్లో కొత్తదైన ఖరీదైన మందు విషయంలో ముందు పరీక్ష చేయించడమే మేలని అందులోనే ఉంది. అది డబ్బు లెక్క. ఈయన గోటికి ఏమైందన్నది దానిలో తేలదు. లక్షమంది సగటుతో ఒక మనిషి బొటనవేలికి వైద్యం చేయలేము.

అనుభవసారం
పరీక్షలన్నీ లక్షమంది మీదే కదా తయారయ్యాయి.

వేసవిగాలి
అనుభవసారం గారు ఇంత ధీమాగా చెబుతుంటే ఊరుకోలేక రాస్తున్నాను. నాకూ ఇలాగే చూడగానే ఫంగస్ అన్నారు. మాత్రలు రాశారు. తగ్గలేదంటే మరో కోర్సు రాశారు. మధ్యలో నాలుకకు రుచి తెలియకుండా పోయింది. ఆ మందుకు అలాంటి దుష్ఫలితం ఉందని నాకు ముందుగా ఎవరూ చెప్పలేదు. ఉప్పెక్కువైందో తక్కువైందో ఇంట్లోవాళ్లను అడగాల్సి వచ్చేది. గోళ్లు మాత్రం అలాగే ఉన్నాయి. చివరికి వేరే డాక్టరు గారు నా మోచేతులు చూపించమన్నారు, తల వెనక జుట్టు పక్కకు తీసి చూశారు, పొద్దున్న లేవగానే వేళ్లు బిగుసుకుపోతాయా అని అడిగారు. బిగుసుకుపోయేవి. వయసు వల్ల అనుకునేదాన్ని. సోరియాసిస్, దానితోపాటు కీళ్లవాతం కూడా మొదలైందని తేలింది. గోళ్లలో సోరియాసిస్ ఉన్నవాళ్లకు కీళ్లు పాడయ్యే ముప్పు ఎక్కువట. టెర్బినాఫిన్ కొందరిలో సోరియాసిస్‌ను రెచ్చగొడుతుందని కూడా అప్పుడే విన్నాను. గోరుచుట్టు మీద రోకలిపోటంటే అదే. మొదటి ఆయన నా చేతులైనా చూడలేదు. కాలు చూసి కాగితం రాసేశారు.

అనుభవసారం
మీకు జరిగినదానికి బాధగానే ఉంది. కానీ అది చూడటం వల్ల వచ్చిన తప్పు కాదు, సరిగా చూడకపోవడం వల్ల వచ్చినది. రెండో డాక్టరు గారు కూడా కళ్లతో చూసే కదా కనిపెట్టారు? గుంటల సంగతి కూడా చెబుతాను. గుంటలు సోరియాసిస్‌కే పరిమితం కాదు. ఎగ్జిమా ఉన్నవాళ్లకు, పేనుకొరుకుడు ఉన్నవాళ్లకు కూడా పడతాయి. ఒకటి రెండు గుంటలు ఏ జబ్బూ లేనివాళ్లకూ ఉంటాయి. రెండు గోళ్ల మీద గుంటలున్నాయని మనిషి మొత్తానికి సోరియాసిస్ ముద్ర వేసేస్తారా?

స్లైడుపక్షి
ముద్ర నేను వేయలేదు. పరీక్ష చేయించమన్నాను. ముద్ర వేసింది మీరు, అదీ రెండో పోస్టులోనే.

పచ్చగోరు
నా గోరు ఒక పక్క లేచి ఆకుపచ్చగా మారింది. నాది కూడా ఫంగసేనా?

స్లైడుపక్షి
పచ్చగోరు గారూ, ఆ రంగు చాలాసార్లు సూడోమోనాస్ అనే బ్యాక్టీరియాది. లేచిన గోరు కింద తడి చేరితే పెరుగుతుంది. దానికి ఫంగస్ మందు పనిచేయదు. చేతులు ఎక్కువగా నీళ్లలో ఉంచకండి, డాక్టరుకు చూపించండి. వేరే చర్చ మొదలుపెడితే అక్కడ రాస్తాను.

బూట్లబాధితుడు
వేళ్ల సందుల్లో పొట్టు ఉందా లేదా? ఇంకా జవాబు లేదు.

అనుభవసారం
పరీక్ష పరీక్ష అంటున్నారు కాబట్టి ఇప్పుడు చెబుతాను. నాకు పరీక్ష చేశారు. నెగటివ్. మళ్లీ చేశారు. మళ్లీ నెగటివ్. కాగితం మీద ఫంగస్ లేదు కాబట్టి మందు లేదన్నారు. "బూట్లు మార్చండి" అన్నారు. మార్చాను. ఈలోపు ఒక గోరు నుంచి మొత్తం పాదానికి పాకింది, అరికాలు పొట్టు లేచింది, మా ఇంట్లో ఇంకొకరికి అంటుకుంది. ఆ తర్వాత ఒక పెద్దాయన చూసి, కాగితం పక్కన పెట్టి, మాత్రలు రాశారు. తగ్గింది. మందు అనవసరంగా మింగినవాళ్ల కథలు అందరూ చెబుతారు. అవసరమైన మందు అందక కుంటుకుంటూ తిరిగినవాడి కథ ఎవరికీ పట్టదు. మీ స్లైడు మీద కనబడకపోతే జబ్బు లేనట్టేనా స్లైడుపక్షి గారూ?

స్లైడుపక్షి
లేనట్టే అని నేను ఎక్కడ అన్నాను? చూపించండి.

మీ నమూనా ఎలా తీశారో చెప్పండి. గోరు కొన కత్తిరించి ఒక ముక్క కవర్లో వేసి పంపారా? మా దగ్గరికి వచ్చేవి చాలావరకు అవే, పెళుసుబారిన కొనలు. బతికున్న ఫంగస్ ఉండేది అక్కడ కాదు. చెడిన భాగానికీ మంచి భాగానికీ మధ్య సరిహద్దు దగ్గర, గోరు కింద. లేచిన గోటిని వెనక్కి కత్తిరించి అక్కడి పొడి గీరి తీయాలి. అదీ కాక, నెలల తరబడి క్రీము రాసి, ఆ క్రీముతోనే నమూనా ఇస్తారు. కల్చర్‌లో ఏమి పెరుగుతుంది? పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం వేసి మైక్రోస్కోపులో చూస్తే ఫంగస్ ఉన్నట్టు కనిపిస్తుంది, కల్చర్ మాత్రం ఖాళీ. అదే కత్తిరించిన గోటికి ఫంగస్‌ను స్పష్టంగా చూపే పీఏఎస్ అనే రంగు వేసి చూస్తే ఈ రెండిటికంటే ఎక్కువగా దొరుకుతుంది. ఎంతమంది అడుగుతారు ఆ పరీక్ష? నమూనా పాడుచేసి పంపేది ఒకరు, రిపోర్టు తప్పని తిట్లు తినేది మేము. నెగటివ్ అని రాసిన ప్రతిసారీ "ఈ నమూనాలో" అనే మాట కూడా రాస్తాను. ఆ మాట ఒక్కరూ చదవరు.

అనుభవసారం
అంటే నా విషయంలో పరీక్ష తప్పిందని ఒప్పుకుంటున్నారు.

స్లైడుపక్షి
నమూనా తప్పింది అంటున్నాను.

అనుభవసారం
కుంటినవాడికి రెండూ ఒకటే. అందుకే అంటున్నాను, నెగటివ్ వస్తే ఏమి చేస్తారో ముందే చెప్పకుండా పరీక్షకు పంపకండి. మళ్లీ తీస్తారా, ఇంటికి పంపేస్తారా? నా గొడవంతా అదే.

వేసవిగాలి
అదే ప్రశ్న మీ మాత్రలకు కూడా వర్తిస్తుంది. 12 వారాలు మింగాక తగ్గకపోతే ఏమి చేస్తారో ఎవరు చెప్పారు నాకు? ఇంకో కోర్సు!

మౌనపాఠకురాలు
మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. ఆయన మొదటి పోస్టులోనే చేతి బొటనవేలి గోరు మీద నల్ల గీత ఉందని రాశారు. ఇంతమంది ఇన్ని రాశారు, దాని గురించి ఒక్కరూ అడగలేదేమిటి?

అనుభవసారం
తలుపు సందులో నలిగిందని ఆయనే రాశారు కదా. గడ్డకట్టిన రక్తం. గోరంతను కొండంత చేయకండి.

స్లైడుపక్షి
నలిగిన గుర్తు "అనుకుంటాను" అని రాశారు. నడకమనిషి గారూ, ఇది కాలి గోటి కంటే ముందు తేలాలి. దెబ్బకు చేరిన రక్తమైతే మచ్చలా ఉంటుంది, గోటితోపాటు కొన వైపు జరుగుతుంది, దాని వెనక మామూలు గోరు వస్తుంది. చేతి గోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది కాబట్టి ఆరు నెలల్లోపు మచ్చ బయటికి వెళ్లిపోవాలి. గోరు మొదటి నుంచి కొన దాకా నిలువుగా గీతలా ఉండి, కదలకుండా అక్కడే ఉంటే అది రక్తం కాకపోవచ్చు. మొదట్లోని రంగు కణాల నుంచి వస్తున్నది కావచ్చు. ముదురు చర్మం ఉన్నవాళ్లకు చాలా గోళ్ల మీద ఇలాంటి గీతలు మామూలే. కానీ ఒక్క వేలికే, అందులోనూ బొటనవేలికి, పెద్దయ్యాక కొత్తగా వస్తే మెలనోమా అనే చర్మ క్యాన్సర్ కాదని తేల్చుకోవాలి. గీత ఎప్పటి నుంచి ఉంది? వెడల్పు పెరుగుతోందా? గోరు మొదటి దగ్గరి చర్మానికి ఆ రంగు పాకిందా?

నడకమనిషి
అందరికీ ధన్యవాదాలు. ఇంత గొడవ అవుతుందనుకోలేదు. వేళ్ల సందుల్లో పొట్టు ఉంది, ఎడమ కాలికి. బూట్లు ఇరుకే.

గీత సంగతి ఇప్పుడు వెలుతురులో చూశాను. మొదటి నుంచి కొన దాకా ఉంది. కొన దగ్గర సన్నగా, మొదట్లో కాస్త వెడల్పుగా ఉంది. చర్మం మీద రంగు ఉందో లేదో నాకు తెలియడం లేదు. తలుపు సందులో పడింది ఏ చెయ్యో నిజంగా గుర్తు లేదు. మిగతా గోళ్లకు గీతలు లేవు.

స్లైడుపక్షి
మొదట్లో వెడల్పుగా ఉందంటే, కొనలో ఉన్నది పాతది, మొదట్లో ఉన్నది కొత్తది. గీత వెడల్పవుతోందని అర్థం. ఇది క్యాన్సరే అని అనడం లేదు. కాదని మాత్రం మనం ఇక్కడ చెప్పలేము. ఫొటోలు పెట్టకండి, ఎవరినీ ఊహించమని అడగకండి. ఈ వారంలోనే చర్మవైద్యుడికి చూపించండి. చర్మాన్ని పెద్దగా చేసి చూపే డెర్మోస్కోప్‌తో చూస్తారు, అవసరమైతే గోరు మొదటి దగ్గర చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. గోటికి రంగు వేసి ఉంటే తీసేసి వెళ్లండి.

అనుభవసారం
దీనికి మాత్రం పరీక్ష చేయించండి. వెంటనే.

వేసవిగాలి
వెళ్లినప్పుడు చేతి గోళ్ల మీది గుంటలు కూడా చూపించండి. మోచేతులు, తల కూడా చూడమని అడగండి. వాళ్లంతట వాళ్లు చూస్తారని ఎదురుచూడకండి.

బూట్లబాధితుడు
పొట్టు ఉంది. నేను అడిగింది అందుకే. కాలిది ఫంగస్ అయ్యే అవకాశం పెరిగింది. బూట్లు కూడా మార్చండి.

నడకమనిషి
ఎల్లుండికి అపాయింట్‌మెంట్ దొరికింది. కాలికి రాసే క్రీము అప్పటిదాకా కొనసాగించాలా?

స్లైడుపక్షి
ఇప్పుడే ఆపేయండి. ఎల్లుండి నల్ల గీత చూపించండి, అది ఆగకూడదు. కాలి నమూనా మాత్రం క్రీము ఆపిన రెండు మూడు వారాల తర్వాత తీయమని అడగండి. కొన కాదు, సరిహద్దు దగ్గర.

అనుభవసారం
నెగటివ్ వస్తే ఇక్కడ రాయండి. నేను ఇక్కడే ఉంటాను.

స్లైడుపక్షి
పాజిటివ్ వచ్చినా రాయండి.