16 ఛానెళ్ల ప్రెషర్ స్కానర్: కమాండ్‌తో జీరో, స్పాన్ చేసినవాళ్లు చెప్పండి

కావలి_ల్యాబ్:
మా కాలేజీ విండ్ టన్నెల్‌కి 16 ఛానెళ్ల ప్రెషర్ స్కానర్ (ఒకేసారి 16 చోట్ల ఒత్తిడి కొలిచే పరికరం) ఉంది. ఈథర్నెట్ మీద కమాండ్ పంపితే అన్నింటికీ ఒకేసారి రీ-జీరో అవుతుంది, అంటే అప్పుడున్న రీడింగ్‌నే సున్నాగా తీసుకుంటుంది. నిన్న పొద్దున చేస్తే అన్నీ సున్నా చూపించాయి. మధ్యాహ్నానికి సగం ఛానెళ్లు 5, 6 పాస్కల్స్ పక్కకు జరిగాయి. పదో ఛానెల్‌కి విడిగా ఎన్నిసార్లు కమాండ్ కొట్టినా కదలడం లేదు. రేపు పిల్లలకు ప్రాక్టికల్, టెన్షన్‌గా ఉంది.

ముత్తుకూరు_సిఐ:
ఆన్ చేసిన వెంటనే జీరో చేశారా? లోపలి సెన్సర్ వేడెక్కేకొద్దీ జీరో జరుగుతుంది. గంటసేపు వదిలేయండి. ఇంకోటి, ట్యూబుల మూతులు ఫ్యాన్ గాలికి ఎదురుగా ఉన్నాయేమో చూడండి. సెకనుకు 3 మీటర్ల గాలి మూతిలోకి సూటిగా తగిలితే 5 పాస్కల్స్ దాటుతుంది. స్కానర్ దాన్నే సున్నా అని రాసుకుంటుంది. ఫ్యాన్ ఆపగానే తేడా బయటపడుతుంది.

కావలి_ల్యాబ్:
అన్నా, సీలింగ్ ఫ్యాన్ కిందే చేశాను! కానీ పదో ఛానెల్ సంగతి?

ఒంగోలు_క్యాలిబ్రేషన్:
కమాండ్‌లో ఛానెల్ కోసం ఏం రాశారు?

కావలి_ల్యాబ్:
0010 సార్.

ఒంగోలు_క్యాలిబ్రేషన్:
అదే తప్పు. ఆ నాలుగు అక్షరాలు ఛానెల్ నంబరు కాదు, హెక్స్‌లో (ఒక్కో అక్షరం నాలుగు బిట్లకు సమానమయ్యే పద్ధతి) రాసిన 16 బిట్లు, కుడి నుంచి ఛానెల్‌కి ఒక బిట్. 0001 అంటే ఒకటో ఛానెల్, 0010 అంటే ఐదోది. పదో దానికి 0200, అన్నింటికీ ఎఫ్ఎఫ్ఎఫ్ఎఫ్. ఇంతసేపూ మీరు ఐదో ఛానెల్‌నే జీరో చేస్తున్నారు.

ముత్తుకూరు_సిఐ:
జీరో అయ్యాక సేవ్ కమాండ్ వేరే ఉందేమో మాన్యువల్‌లో చూడండి. మా దాంట్లో ఉంది. అది కొట్టకముందే కరెంటు పోయి, పొద్దుటి పనంతా పాత విలువలకు వెళ్లిపోయింది.

స్పాన్ దగ్గర, అంటే తెలిసిన ఒత్తిడి ఇచ్చి స్కానర్ అదే అంకె చూపేలా సరిచేసే దగ్గర, ఇంకా పెద్ద దెబ్బ తిన్నాను. డెడ్ వెయిట్ టెస్టర్‌తో (పిస్టన్ మీద బరువులు పెట్టి తెలిసిన ఒత్తిడి పుట్టించే పరికరం) 7 బార్ ఇచ్చి, కమాండ్‌లో కూడా 7 అని రాశాను. తర్వాత ఇంకో డిజిటల్ స్టాండర్డ్‌తో (సరిచూసుకునే ప్రామాణిక పరికరం) పోలిస్తే 16 ఛానెళ్లూ 17 మిల్లీబార్ల చొప్పున ఎక్కువ చూపిస్తున్నాయి. లీక్ అనుకుని ట్యూబులన్నీ ఊడదీసి మళ్లీ బిగించాను. రెండు రోజులు పోయాయి.

ఒంగోలు_క్యాలిబ్రేషన్:
లీక్ అయితే ఏదో ఒక ఛానెల్ పడిపోతుంది. అన్నీ ఒకే వైపు, ఒకే మోతాదులో జరిగితే ముందు స్పాన్‌కి వాడిన స్టాండర్డ్‌నే, అంటే ఇక్కడ డెడ్ వెయిట్ టెస్టర్‌నే అనుమానించాలి. మీ బరువులు 9.80665 గురుత్వానికి తయారైనవి అయ్యుంటాయి. మన నెల్లూరు, ఒంగోలు వైపు అది దాదాపు 9.783. అంటే 0.24 శాతం తక్కువ. బరువుల మీద 7 అని ఉన్నా పిస్టన్ కింద నిజంగా ఉన్నది 6.983 బార్లే. 0.05 శాతం కచ్చితత్వం ఉన్న స్కానర్‌కి ఆ తప్పును మనమే నేర్పించినట్టు. కమాండ్‌లో లెక్కగట్టిన అంకె ఇవ్వండి, బరువుల మీది అంకె కాదు.

కావలి_ల్యాబ్:
ఫ్యాన్ ఆపి, గంట ఆగి, 0200 పంపాను. పదోది 0.3 పాస్కల్స్‌కి వచ్చింది. ఐదో దాన్ని కూడా మళ్లీ చేసి సేవ్ కొట్టాను. స్పాన్ జోలికి ఇంకా పోలేదు. మా డెడ్ వెయిట్ టెస్టర్ సర్టిఫికెట్ బీరువాలో ఉంది సార్.

ఒంగోలు_క్యాలిబ్రేషన్:
అందులో గురుత్వం ఎంత అని వేశారో చూసి, ఆ పేజీ ఫొటో ఇక్కడ పెట్టండి. లెక్క కలిసి చేద్దాం.