29 ఏళ్లకి ఎంఎంఏ మొదలుపెడుతున్నా: ముందు బాక్సింగా, జిజిట్సునా, నేరుగా చేరిపోవడమా?

కృష్ణలంక_కుర్రాడు:

అందరికీ నమస్తే. ఊరు విజయవాడ, ఉద్యోగం హైదరాబాద్‌లో, గచ్చిబౌలి వైపు. వయసు 29, బరువు 86, ఎత్తు 5.8, పొద్దున్నుంచి సాయంత్రం దాకా కుర్చీలోనే. కాలేజీలో కాస్త క్రికెట్ ఆడటం తప్ప వేరే ఆట తెలీదు. ఆదివారం పొద్దున ఇడ్లీ తింటూ యూఎఫ్‌సీ (గుద్దులూ తన్నులూ పట్లూ అన్నీ కలిసిన ఎంఎంఏ పోటీలు) చూడటం ఎప్పటి నుంచో అలవాటు, మన దేశం ఫైటర్ అన్షుల్ జూబ్లీ 2023లో రోడ్ టు యూఎఫ్‌సీ అనే ఎంపిక టోర్నమెంట్ గెలిచినప్పటి నుంచి ఆ పిచ్చి ఇంకాస్త ముదిరింది. పోటీల్లోకి దిగే ఆలోచన లేదు, ఒళ్లు కదలాలి, నిజంగా పనికొచ్చేది ఏదైనా నేర్చుకోవాలి, అంతే.

ఆఫీసు దగ్గర్లో ఒక చోట ట్రయల్ క్లాసుకి వెళ్లా. పది నిమిషాలు స్కిప్పింగ్ చేయించి, గ్లవ్స్ ఇచ్చి, నాకంటే బాగా అనుభవం ఉన్నవాడితో స్పారింగ్ (ఎదురెదురుగా కొట్టుకునే ప్రాక్టీసు) పెట్టేశారు. ముక్కు మీద రెండు గట్టిగా తగిలి కళ్లలో నీళ్లొచ్చాయి. కోచ్ ఓ మూల ఫోన్ చూసుకుంటున్నాడు. అయిపోయాక ఏడాది ఫీజు ఒకేసారి కడితే సగానికి సగం తగ్గిస్తాం, ఈ ఆఫర్ ఇవాళొక్కరోజే అన్నారు. ఇదంతా మామూలేనా, నేనే సున్నితంగా ఆలోచిస్తున్నానా? బాక్సింగ్ ఒక్కటి ముందు నేర్చుకుని తర్వాత మిగతావాటికి వెళ్లాలా, లేక అన్నీ కలిపి నేర్పే చోటే చేరాలా? ఇంకో సంగతి, నాకు రెండు కళ్లకీ మైనస్ ఐదున్నర. అమ్మకి ప్రస్తుతానికి యోగా క్లాస్ అని చెప్పా.

రాత్రి_షిఫ్ట్:

బ్రో, డబ్బు కట్టకు. ఇవాళొక్కరోజే అన్న ఆఫర్ వచ్చే నెల కూడా ఉంటుంది, రాసిపెట్టుకో.

మొదటి రోజు స్పారింగ్ పెట్టే చోటు మంచిది కాదు. కొత్తవాడికి దెబ్బ ఎలా తప్పించుకోవాలో తెలీదు, ఎంత బలంగా కొట్టాలో కూడా తెలీదు, భయంతో కళ్లు మూసుకుని ఊపేస్తాడు, దాంతో అవతలి వాడికీ ప్రమాదమే. మొదటి కొన్ని వారాలు జరగాల్సింది వేరే. కాళ్లు ఎలా పెట్టి నిలబడాలి, కాలు మీద కాలు పడకుండా ముందుకీ వెనక్కీ ఎలా కదలాలి, జాబ్ (ముందు చేత్తో నేరుగా వేసే గుద్దు) కొట్టాక చెయ్యి మళ్లీ గడ్డం దగ్గరికి ఎలా రావాలి, వెనక్కి పడితే తల నేలకి తగలకుండా గడ్డం ఛాతీకి ఆనించి ఎలా పడాలి, కింద పడుకుని నడుము జరుపుకుంటూ అవతలి వాడి కింద నుంచి ఎలా బయటపడాలి. చూస్తే బోరుగా ఉంటుంది. అది నేర్పకుండా ప్యాడ్స్ మీద చప్పుడొచ్చేలా కొట్టించి వీడియో తీసే చోట్లు సిటీలో చాలానే ఉన్నాయి.

ఎక్కడ చేరాలన్నా ముందు ఒక క్లాసు ఊరికే కూర్చుని చూడు. వద్దంటే అక్కడే నీకు జవాబు దొరికినట్టు. అందరికంటే కొత్తగా ఉన్నవాడు ఎవడో కనిపెట్టి, సీనియర్లు వాడితో ఎలా ఉన్నారో గమనించు. వాడు తికమక పడితే ఆగి చూపిస్తున్నారా, వాడి మీద ప్రాక్టీసు చేసుకుంటున్నారా? ఎవరు ఎప్పుడు స్పారింగ్ చేయాలో కోచ్ నిర్ణయిస్తున్నాడా, ఎవడికి బుద్ధి పుడితే వాడు దిగిపోతున్నాడా? గ్లవ్స్ కూడా చూడు. మ్యాచ్‌లో వేసుకునేవి 4 ఔన్సులవి, పంచ్‌ల స్పారింగ్‌కి మామూలుగా 16 ఔన్సులవి వాడతారు. చిన్న గ్లవ్స్‌తో మొహాల మీద గట్టిగా కొట్టుకుంటుంటే చెప్పులేసుకుని వచ్చెయ్. హెడ్‌గేర్ ఉంది కదా అని ధైర్యం వద్దు, అది చర్మం చిట్లకుండా చూస్తుంది గానీ లోపల మెదడు అదరడాన్ని ఆపలేదు. తలకి దెబ్బ తగిలి తలనొప్పి, వాంతి వచ్చినట్టుండటం, వెలుతురు చూడలేకపోవడం ఉంటే డాక్టర్ సరే అనేదాకా స్పారింగ్ జోలికి వెళ్లకూడదు, కోచ్ ఎంత రెచ్చగొట్టినా సరే.

పాత_రైడర్:

తమ్ముడూ, మాది అమలాపురం దగ్గర. చిన్నప్పటి నుంచీ కబడ్డీ, తర్వాత ఇటు వచ్చా. నన్నడిగితే పట్టుతో మొదలుపెట్టు, జిజిట్సు (నేల మీద పట్లతో లొంగదీసే ఆట) గానీ రెజ్లింగ్ గానీ. 1993లో డెన్వర్‌లో జరిగిన మొదటి యూఎఫ్‌సీలో బ్రెజిల్ జిజిట్సు ఆటగాడు హోయిస్ గ్రేసీ తనకంటే బరువైనవాళ్లని పెద్దగా గుద్దకుండానే కింద పడేసి పట్లతో లొంగదీశాడు. ఆ తర్వాతే ప్రపంచం నేల మీది ఆట నేర్చుకోవడం మొదలుపెట్టింది. యూఎఫ్‌సీ ఛాంపియన్ ఖబీబ్ 29 మ్యాచ్‌లు ఆడి ఒక్కటీ ఓడకుండా 2020లో రిటైర్ అయ్యాడంటే అదీ కుస్తీ పుణ్యమే. ఇంకో లాభం, ఇందులో తలకి దెబ్బల్లేకుండానే పూర్తి బలంతో ప్రాక్టీసు చేయొచ్చు. పొద్దున ఆఫీసుకి వాచిన మొహంతో వెళ్లనక్కర్లేదు.

కబడ్డీ ఆడినవాళ్లెవరైనా ఇది చదువుతుంటే ఒక మాట. మన తొడపట్టు ఇక్కడి డబుల్ లెగ్‌కి (రెండు కాళ్లూ పట్టి పడేయడానికి) దగ్గరి చుట్టమే, అడుగు తీసి మీదికి దూకే ధైర్యం కూడా పనికొస్తుంది. కానీ యాంకిల్ హోల్డ్‌కి వెళ్లినట్టు తల కిందికి దించి దూకితే ఇక్కడ రెండు రకాలుగా బుక్కయిపోతారు. ఎదురుగా మోకాలు లేస్తుంది, లేదంటే మెడ వాడి చంకలోకి వెళ్లిపోతుంది. అప్పుడు వాడు ముంజేతిని గొంతు కిందికి తెచ్చి, రెండో చేత్తో మణికట్టు పట్టుకుని, ఛాతీ పైకి లేపితే చాలు, గిలటిన్ అనే మెడపట్టు పడిపోయినట్టే. కబడ్డీలో మెడ పట్టుకుంటే ఫౌల్ కాబట్టి మనకి అక్కడ జాగ్రత్తపడే అలవాటే ఉండదు. తల పైకెత్తి, చెవి వాడి పక్కటెముకలకి అతుక్కునేలా, చూపు ముందుకి ఉంచి వెళ్లాలి. ఈ ఒక్కటీ ఒంటికి పట్టడానికి నాకు చాలా టైమ్ పట్టింది.

ట్యాప్ చేయడానికి, అంటే ఓడిపోయా వదిలెయ్ అని తట్టడానికి సిగ్గు పడొద్దు. పట్టు పడిందని తెలియగానే వాడి ఒంటి మీద తెలిసేలా రెండు మూడు సార్లు తట్టు, చేతులు ఇరుక్కుంటే నోటితో ‘ట్యాప్’ అని అరిచెయ్. మెడ పక్కన రక్తనాళాలు నొక్కుకుపోయే చోక్ సరిగ్గా పడితే కొన్ని సెకన్లలోనే స్పృహ పోతుంది. మడమ తిప్పే హీల్ హుక్ ఇంకా మోసం, నొప్పి తెలిసేలోపే మోకాల్లో లిగమెంట్ తెగిపోవచ్చు. కొత్తవాళ్ల మీద అది వేసేవాడితో రోల్ (నేల మీద పట్ల ప్రాక్టీసు) చేయనని మొహం మీదే చెప్పెయ్.

నీకు ఓల్డ్ సిటీ దూరం కాకపోతే అక్కడి తాలీమ్‌లు (కుస్తీ నేర్పే చోట్లు) కూడా ఒకసారి చూసి రా. మట్టిలో కుస్తీ పట్టే పహిల్వాన్ చెయ్యి మెడ మీద పడితే బరువంటే ఏంటో తెలుస్తుంది.

ఎర్ర_గ్లవ్స్:

పాత రైడర్ గారు చెప్పిన పట్టు విషయంలో నాకు అభ్యంతరం లేదు, కానీ ముందు అదొక్కటే అంటే ఒప్పుకోను. మొహం మీదికి చెయ్యి వస్తుంటే కళ్లు తెరిచి చూడటం, ఊపిరి బిగబట్టకుండా ఉండటం, ఈ రెండూ నేల మీద దొర్లితే రావు. ఒక ఏడాది జిజిట్సు చేసినవాళ్లు మొదటి జాబ్‌కి మొహం పక్కకి తిప్పేసుకోవడం మా దగ్గర మామూలే. పైగా మన ఊళ్లలో బాక్సింగ్ కోచ్ దొరికినంత తేలిగ్గా జిజిట్సు కోచ్ దొరకడు. నిఖత్ జరీన్ 2022లో, మళ్లీ 2023లో ప్రపంచ ఛాంపియన్ అయ్యిందంటే మొదలుపెట్టింది నిజామాబాద్‌లోనే కదా.

నా సలహా, అన్నీ నేర్పే చోటే చేరి వారానికి మూడు రోజులే వెళ్లండి. రెండు రోజులు ఒకటి, ఒక రోజు ఇంకొకటి. కొత్త మోజులో రోజూ వెళ్లేవాళ్లు భుజమో మోకాలో పట్టేసి మానేస్తారు.

బ్యాగ్ మీద కొట్టేముందు చేతికి ర్యాప్ (గుడ్డ పట్టీ) చుట్టుకోవడం నేర్చుకోండి. 180 అంగుళాలది తీసుకోండి, పొట్టివి మణికట్టుకి సరిపోవు. బొటనవేలికి లూప్ తగిలించి, మణికట్టు చుట్టూ మూడు నాలుగు చుట్లు, తర్వాత వేళ్ల కణుపుల మీద, వేళ్ల మధ్య నుంచి, మళ్లీ మణికట్టు దగ్గర ముగించాలి. చుట్టేటప్పుడు వేళ్లు చాపి ఉంచాలి, పిడికిలి బిగించినప్పుడు టైట్‌గా అనిపించాలి, గోళ్లు నీలంగా మారితే విప్పి మళ్లీ చుట్టాలి. మౌత్‌గార్డ్ వేడినీళ్లలో ముంచి పళ్లకి అచ్చు తీసుకునే రకం చాలు. మగవాళ్లు గ్రోయిన్ గార్డ్ (గజ్జల దగ్గర పెట్టుకునే రక్షణ) మర్చిపోవద్దు, ఎందుకో చెప్పక్కర్లేదు.

ఇక ఎవరూ చెప్పనిది, తామర. మ్యాట్ మీద ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుంది. గుండ్రటి ఎర్ర మచ్చ దురద పెడితే మెడికల్ షాపులో అడిగి ఏదో ట్యూబ్ తెచ్చి రాసుకోకండి. అలా ఇచ్చేవాటిలో చాలావాటిలో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది, రెండు రోజుల్లో మాయమైనట్టే మాయమై మళ్లీ రెండింతలు పాకుతుంది. స్కిన్ డాక్టర్‌కి చూపించండి, తగ్గేదాకా మ్యాట్ ఎక్కకండి. క్లాస్ అవ్వగానే స్నానం చేయాలి, తడి ర్యాప్‌లు బ్యాగులో వదిలేయకూడదు, బాత్రూమ్‌కి చెప్పులేసుకునే వెళ్లాలి. క్లాసు అయ్యాక మ్యాట్ తుడవని జిమ్‌లో నేనైతే చేరను.

అమ్మాయిలు చదువుతుంటే, పార్ట్‌నర్ నచ్చకపోతే మార్చమని అడగడం మీ హక్కు. కారణం చెప్పాల్సిన పని లేదు. ఆ మాట అడిగితే ఇబ్బందిగా మొహం పెట్టే కోచ్ దగ్గర ఉండొద్దు.

చుక్కలమందు:

మీరంతా గ్లవ్స్ గురించి మాట్లాడుతున్నారు గానీ అతను మైనస్ ఐదున్నర అని రాశాడు, ఎవరూ పట్టించుకోలేదు. నేను ఆప్టోమెట్రిస్ట్‌ని. మైనస్ ఎక్కువున్న కన్ను మామూలు కంటే పొడుగ్గా సాగి ఉంటుంది, రెటీనా (కంటి వెనక లోపలి పొర) అంచుల్లో పలచబడే అవకాశం ఎక్కువ. ఆ కంటికి గట్టి దెబ్బ తగిలితే చిరుగు పడొచ్చు, రెటీనా ఊడిపోవచ్చు. అద్దాల షాపులో పవర్ చూపించుకుంటే ఇది తెలీదు. కంటి ఆసుపత్రికి వెళ్లి, చుక్కలు వేసి పాప పెద్దది చేసి, రెటీనా అంచుల దాకా చూడమని చెప్పండి. గుద్దులాట నేర్చుకోబోతున్నానని కూడా చెప్పండి. పలచబడిన చోటో రంధ్రమో కనిపిస్తే అవసరాన్ని బట్టి ముందే లేజర్ చేస్తారు. చుక్కలు వేశాక కొన్ని గంటలు చూపు మసకగా ఉంటుంది, బండి మీద వెళ్లకండి.

లాసిక్ (పవర్ తగ్గించే లేజర్ ఆపరేషన్) చేయించుకుంటే సరిపోతుంది కదా అని అడుగుతారు. లాసిక్‌లో నల్లగుడ్డు మీద పొరలాగా కోసి మళ్లీ మూస్తారు, దెబ్బకి ఆ పొర జరిగిపోయే ప్రమాదం ఉంది. ఇలాంటి ఆటలాడేవాళ్లకి పొర కోయని పద్ధతులు వేరే ఉన్నాయి, పీఆర్‌కే లాంటివి. కానీ ఏది చేయించినా కన్ను పొడవు తగ్గదు, కాబట్టి రెటీనా ముప్పు అలాగే ఉంటుంది. ఒక మూల నీడ పడినట్టున్నా, మెరుపులు కనిపించినా, నల్ల చుక్కలు ఒక్కసారిగా ఎక్కువైనా అదే రోజు ఆసుపత్రికి పరిగెత్తాలి.

కృష్ణలంక_కుర్రాడు:

చుక్కలమందు గారూ, నిజం చెప్పాలంటే కళ్ల గురించి ఊరికే ఒక లైన్ రాశా, ఇంత ఉంటుందని అనుకోలేదు. శనివారం అపాయింట్‌మెంట్ తీసుకున్నా. ఏడాది ఫీజు వాళ్లకి వద్దని చెప్పేశా, అప్పటి నుంచి రోజుకో కొత్త ఆఫర్ మెసేజ్ వస్తోంది. కొండాపూర్‌లో ఇంకో చోట క్లాసు చూడటానికి అడిగితే వచ్చి కూర్చోండి అన్నారు, నెలనెలా కట్టొచ్చట. రిపోర్ట్ వచ్చేదాకా నేల మీది క్లాసులకి మాత్రం వెళ్తే పర్వాలేదా? కాంటాక్ట్ లెన్సులు పెట్టుకోవాలా, తీసేయాలా?

చుక్కలమందు:

రిపోర్ట్ వచ్చేదాకా ఏదీ వద్దు. జిజిట్సులోనూ మోచేతులూ వేళ్లూ కళ్లకి తగులుతూనే ఉంటాయి, వారం ఆగితే ఏం పోదు. రెటీనా బాగుందని చెప్పాక పట్ల క్లాసుకి కళ్లజోడు, లెన్సులు రెండూ తీసేసి వెళ్లండి. ఆ దూరంలో మీ పవర్‌తోనూ పని నడుస్తుంది. బాక్సింగ్ డ్రిల్స్‌కి కావాలంటే మెత్తటి డిస్పోజబుల్ లెన్సులు, గట్టివి మాత్రం వద్దు.

పాత_రైడర్:

గోళ్లు కత్తిరించుకుని వెళ్లు, కాళ్లవి కూడా.

ఎర్ర_గ్లవ్స్:

కొండాపూర్‌లో చూసి వచ్చాక మ్యాట్ ఎప్పుడు తుడిచారో ఇక్కడ రాయండి. మా కజిన్ కూడా అటువైపే వెతుకుతోంది.