ఆన్‌లైన్ మెంటార్‌ని నమ్ముకుని ఇంటీరియర్ డిజైన్‌లోకి దిగొచ్చా?

నాగావళి_గట్టు (రాయగడ):
మా చెల్లెలికి ఇంటీరియర్ డిజైన్ డిప్లొమా ఆఖరి సెమిస్టర్. ఇక్కడే ఎక్కడైనా చేర్పిద్దామంటే మాకు తెలిసిన డిజైన్ ఆఫీసు ఒక్కటీ లేదు. ఒక మెంటార్ ఆన్‌లైన్‌లో నేర్పుతానంటున్నారు, వారానికో వీడియో కాల్, డ్రాయింగులు దిద్దడం, పోర్ట్‌ఫోలియో తయారు చేయించడం. ఫీజు కట్టమంటారా, విశాఖ పంపమంటారా? నాన్నకీ దానికీ రోజూ ఇదే గొడవ.

సైటు_మనిషి (సొంతూరు పర్లాకిమిడి, పని విశాఖలో):
కట్టొద్దు. ఆర్కిటెక్ట్ అని పేరు పెట్టుకోవాలంటే 1972 ఆర్కిటెక్ట్స్ చట్టం ప్రకారం కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో రిజిస్టర్ అవ్వాలి, ఇంటీరియర్ డిజైనర్‌కి ఆ నిబంధన లేదు, అంచేత గది ఎలా ఉంటుందో చూపే త్రీడీ వ్యూలు నాలుగు వేసిన ప్రతివాడూ మెంటార్ అయిపోతున్నాడు. ఆటోక్యాడ్‌లో కంప్యూటర్ మీద గీసిన గోడ ఎప్పుడూ నిటారుగానే ఉంటుంది. మన ఊళ్లలో ఏ గోడ మూలమట్టానికి ఉంది చెప్పండి? నేల వాటంగా ఉండి బీరువా షట్టర్, అంటే తలుపు, రాసుకుంటుంటే మేస్త్రి పక్కన నిలబడి చూడాలి, అప్పుడొస్తుంది పని. రాయగడ నుంచి పార్వతీపురం, బొబ్బిలి మీదుగా రైలుంది, ఎక్కించండి.

కిమిడి_డ్రాయింగ్ (పర్లాకిమిడి):
అన్నా, నేను మీ ఊరి అమ్మాయినే, ఆన్‌లైన్‌లోనే నేర్చుకున్నాను. పిన్ని వాళ్లింట్లో గోడ బీరువాకి మా మేడం వీడియోలోనే నా చేత టేపు పట్టించారు. వెడల్పు కింద, మధ్యలో, పైన మూడు చోట్లా కొలవమన్నారు, తర్వాత మూల నుంచి మూలకి రెండు వైపులా. కిందకీ పైకీ దాదాపు అంగుళం తేడా వచ్చింది. తక్కువ కొలతకే పెట్టె చేయించి, మిగిలిన సందుకి పట్టీ కొట్టించాం. గోడ వంకరని తెర మీదే తెలిసింది కదా?

సైటు_మనిషి:
టేపు పట్టడం ఎవరైనా చెప్తారు. హింజ్ సంగతేంటి, అదే షట్టర్‌ని పట్టి ఉంచే కీలు? రెండు షట్టర్లు ఒకే మధ్య చెక్క మీదకి వచ్చేచోట చెయ్యి తిన్నగా ఉన్న జీరో క్రాంక్ హింజ్ పెడితే ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి, చెయ్యి కొంచెం వంగిన ఎయిట్ క్రాంక్ పెట్టాలి. చేత్తో పట్టుకుని బిగించి చూడకుండా అది బుర్రకెక్కదు.

జయపురం_ప్లైవుడ్:
హింజ్ ఫొటోలో కూడా తెలుస్తుంది బాబూ, చెయ్యి వంపు చూస్తే చాలు. ప్లైవుడ్డే తెలియదు. వంటింటికి నీళ్లకి ఆగే ఐఎస్ 710 షీటు కావాలి. వీడియోలో షీటు మీద ఆ నంబరు ముద్ర చూపిస్తారు, ముద్ర ఎవడైనా వేస్తాడు. షీటు కోసి అంచు చూస్తేనే పొరల మధ్య ఖాళీలు బయటపడతాయి.

కిమిడి_డ్రాయింగ్:
హార్డ్‌వేర్ షాపుకి వెళ్లి మూడు రకాల హింజ్‌లూ చేత్తో పట్టుకుని చూడమని పంపింది మా మేడమే. ఆన్‌లైన్ అంటే అస్తమానం ఫోను ముందు కూర్చోవడమే అనుకుంటున్నారు మీరు.

పాతపట్నం_రోడ్డు:
ఫీజు ఎంతో ఎవరూ చెప్పడం లేదు.

గుణుపురం_రాత్రి:
నాకు దొరికిన మెంటార్ ప్రాక్టీసని చెప్పి రాత్రిళ్లు వ్యూలు వేయించుకున్నాడు. కొన్నాళ్లకి అవే వ్యూలు అతని పేజీలో, అతని పేరుతో. అడిగితే గ్రూపులోంచి తీసేశాడు. ఫీజూ నాదే, పనీ నాదే.

సైటు_మనిషి:
చూశారా? నేను మొదట్నుంచీ చెప్తున్నది ఇదే.

కిమిడి_డ్రాయింగ్:
ఆఫీసుల్లో జరగడం లేదా ఇది? విశాఖలో ఫోన్ చేసిన ప్రతిచోటా మొదట అడిగింది ‘ఇక్కడ మీవాళ్లెవరైనా ఉన్నారా’ అని, ఆ తర్వాత మాట ‘మొదట్లో జీతం ఉండదు’ అని. హాస్టల్, తిండి, బస్సు, ఇవన్నీ ఎవరు కడతారు? రైలెక్కించండి అని ఒక్క మాటలో తేల్చేశారు, దిగాక ఎక్కడుండాలో చెప్పలేదు.

సైటు_మనిషి:
జీతం ఎందుకివ్వాలమ్మా? ఇద్దరు కుర్రాళ్లని బండి మీద సైటు సైటుకీ తిప్పి నేర్పాను. పనొచ్చాక నా మేస్త్రీలనీ, నా లామినేట్ డీలర్ నంబర్లనీ పట్టుకుపోయి పక్క వీధిలో బోర్డు పెట్టారు. 8 అడుగులు, 4 అడుగుల షీటు ఒక్కటి తప్పు కోస్తే ఆ డబ్బు క్లయింటు ఇవ్వడు. వాళ్లు పాడుచేసినవన్నీ నా జేబులోంచే పోయాయి. ఇంకా నేనే జీతమిచ్చి నేర్పాలా?

కిమిడి_డ్రాయింగ్:
ఇప్పుడు చెప్పారు అసలు సంగతి. నేర్పే ఖర్చు మీరు మోయలేరు, అది మా ఇంటి మీద పడాలి. దానికి గోడనీ హింజ్‌నీ ఎందుకన్నా అడ్డం పెట్టడం? ఆ ఇద్దరి బాకీ మా దగ్గర వసూలు చేస్తారా?

సైటు_మనిషి:
చిన్న ఆఫీసు నాది. హాస్టల్ ఖర్చుకి సరిపడా ఇవ్వాలని ఉన్నా ఇవ్వలేను. అలాగని వీడియో కాల్స్ చూసి వచ్చినమ్మాయికి క్లయింటు వంటిల్లు అప్పగించలేను.

జయపురం_ప్లైవుడ్:
రాయగడ అమ్మాయి మా షాపుకి రావచ్చు. మధ్యాహ్నాలు ఖాళీయే, షీట్లు కోసి చూపిస్తాను, డబ్బు అక్కర్లేదు.

నాగావళి_గట్టు:
థాంక్సండీ, తప్పకుండా తీసుకొస్తాను. చెల్లెలు ఇదంతా చదివింది. తను వేసే వ్యూలు ఎవరి పేరు మీద ఉంటాయో రాసిస్తేనే ఫీజు కడతానని మెంటార్‌కి మెసేజ్ పెట్టింది. సైటు_మనిషి గారూ, గాజువాకలో మా మేనత్త ఉంది. పరీక్షలయ్యాక కొన్నాళ్లు జీతం లేకుండా మీ సైటుకి వస్తే రానిస్తారా?

సైటు_మనిషి:
రమ్మనండి. మొదట కొలతలే, కోత పని ముట్టుకోనివ్వను.

కిమిడి_డ్రాయింగ్:
వీళ్లకి గాజువాకలో మేనత్త ఉంది, సరే. లేనివాళ్లు ఏం చేయాలో మీరింకా చెప్పలేదన్నా.