బ్లాక్ హోల్ లోపల ఏముంటుంది? అవతల ఇంకో విశ్వం ఉందంటారు, నిజమేనా?

నింగిచూపు:
అందరికీ నమస్కారం. బ్లాక్ హోల్స్ మీద ఏ వీడియో చూసినా ఒక్కొక్కరు ఒక్కోటి చెబుతున్నారు. లోపల సింగ్యులారిటీ, అంటే సాంద్రత అనంతమయ్యే చుక్క, ఉంటుందని ఒకరు, అది వేరే విశ్వానికి దారి అని ఒకరు, అసలు మనమే ఒక బ్లాక్ హోల్ లోపల ఉన్నామని ఇంకొకరు. వీటిలో లెక్కలకి నిలబడేది ఏది, ఊహ ఏది? నేను ఫిజిక్స్ ఇంటర్ వరకే చదివాను, సమీకరణాలు లేకుండా చెప్పగలిగితే సంతోషం.

కాంతిరేఖ:
బ్లాక్ హోల్ మధ్యలో ఓ చిన్న చుక్క గీసి దాన్ని సింగ్యులారిటీ అని చూపిస్తారు కదా, నాకు ఆ బొమ్మ అస్సలు నచ్చదు, ఎందుకంటే సగం అయోమయం అక్కడే మొదలవుతుంది. ఈవెంట్ హొరైజన్ (కాంతి కూడా వెనక్కి రాలేని సరిహద్దు) దాటాక ఆ "మధ్య" అనేది మన ముందు ఒక చోటులా ఉండదు, మనకి రాబోయే ఒక క్షణంలా ఉంటుంది. ఏ దిక్కుకి పరిగెత్తినా రేపు రాకుండా ఆపలేం కదా, అక్కడ పరిస్థితి అదే. 2019లో మొదటిసారి ఫొటో విడుదలైన, ఎం87 గెలాక్సీ మధ్యలోని బ్లాక్ హోల్ బరువు సుమారు 650 కోట్ల సూర్యులంత. అంత పెద్దదాంట్లో పడితే హొరైజన్ దాటాక ఎక్కువలో ఎక్కువ 28 గంటలు, మన పాలపుంత మధ్యలో ఉన్నదాంట్లో అయితే ఒక నిమిషం పైచిలుకు. రాకెట్ ఇంజిన్ వేసి ఎంత పెనుగులాడినా ఆ గడువు దాటడం కుదరదు.

1965లో పెన్‌రోజ్ నిరూపించింది కూడా జాగ్రత్తగా చదవాలి. నక్షత్రం ఒక హద్దు దాటి కూలితే లోపల కొన్ని దారులు అర్ధాంతరంగా ఆగిపోక తప్పదని ఆయన చూపించారు, 2020లో నోబెల్ వచ్చింది దీనికే. దాని వెనక కలకత్తాలో పనిచేసిన అమల్ కుమార్ రాయ్‌చౌధురి 1955లో రాసిన సమీకరణం ఉంది, మనవాళ్ళు ఆయన్ని ఇంకా ఎక్కువగా తలచుకోవాలని నా గట్టి అభిప్రాయం. అయితే సిద్ధాంతం అక్కడ "అనంతమైన సాంద్రత ఉన్న వస్తువు ఉంది" అని చెప్పలేదు. ఐన్‌స్టీన్ లెక్క అక్కడితో ఆగిపోతుంది, అంతే. ఆ తర్వాత ఏంటో చెప్పాలంటే క్వాంటమ్ గ్రావిటీ, అంటే గురుత్వానికీ క్వాంటమ్ నియమాలకీ కలిపి ఒకే సిద్ధాంతం కావాలి, అది ఇంకా మన చేతిలో లేదు.

సుడిగాలి_27:
వేరే విశ్వానికి దారి సంగతి నేను చెప్తాను. అది వీడియోలవాళ్ళు పుట్టించింది కాదు, లెక్కల్లో నిజంగానే కనిపిస్తుంది. 1935లో ఐన్‌స్టీన్, రోజెన్ కలిసి రెండు వేరువేరు ప్రదేశాల్ని కలిపే వంతెన లాంటిది లెక్కల్లో చూపించారు. కానీ 1962లో వీలర్, ఫుల్లర్ లెక్కేస్తే అది కాంతి కూడా దాటేలోపే మూసుకుపోతుందని తేలింది. తర్వాత ఆశంతా తిరిగే బ్లాక్ హోల్స్ మీదకి మళ్ళింది. 1963లో ఐన్‌స్టీన్ సమీకరణాలకి కెర్ కనిపెట్టిన పరిష్కారంలో లోపల రెండో హొరైజన్ ఒకటి ఉంటుంది, సింగ్యులారిటీ ఉంగరంలా ఉంటుంది, కాగితం మీద దాన్ని దాటి వేరే ప్రదేశంలోకి వెళ్ళిపోవచ్చు. చిక్కేంటంటే ఆ పరిష్కారం చుట్టూ ఏమీ లేని, ఎప్పటినుంచో ఉన్న బ్లాక్ హోల్‌ది. నిజంగా ఉన్నవి నక్షత్రాలు కూలి పుట్టాయి, వాటిలోకి ఎప్పుడూ ఎంతో కొంత కాంతి పడుతూనే ఉంటుంది. ఆ కాంతి శక్తి లోపలి హొరైజన్ దగ్గర విపరీతంగా పెరిగిపోతుంది. 1990లో పాయిసన్, ఇజ్రాయెల్ దీన్ని వివరంగా లెక్కగట్టారు. కాబట్టి ఆ తలుపు దగ్గరే దారి చెడిపోతుంది. అవతల విశ్వం ఉందని నమ్మడానికి నాకైతే ఇప్పటివరకు ఒక్క కారణమూ కనిపించలేదు.

నింగిచూపు:
థాంక్సండీ, చాలా స్పష్టంగా ఉంది. మరి మనమే లోపల ఉన్నాం అనేది? విశ్వం సైజు, బరువు లెక్కేస్తే బ్లాక్ హోల్‌కి సరిపోతుందని చూశాను.

కాంతిరేఖ:
సుమారుగా సరిపోతుంది, నిజమే. కానీ చదునుగా (స్థలంలో వంపు లేకుండా), వ్యాకోచిస్తూ ఉన్న ఏ విశ్వానికైనా ఆ లెక్క దానంతటదే అలా వస్తుంది, అందుకని అది ఆధారం కాదు. పైగా బ్లాక్ హోల్‌లో సింగ్యులారిటీ ముందు కాలంలో ఉంటుంది, మనకేమో బిగ్ బ్యాంగ్ వెనక ఉంది. పోలిక పెట్టాలంటే వైట్ హోల్‌తో, అంటే లోపలికి ఏదీ పోలేని, బయటికి మాత్రమే వచ్చే దాంతో పెట్టాలి. ప్రతి బ్లాక్ హోల్ నుంచీ ఒక కొత్త విశ్వం పుడుతుందని లీ స్మోలిన్ 1992లో ప్రతిపాదించారు, వినడానికి నాకు చాలా ఇష్టమైన ఆలోచన, కానీ ఇప్పటికి ఊహే.

అలల_లెక్క:
ఇంకో వైపు ఎవరూ ముట్టుకోలేదు. బ్లాక్ హోల్స్ మెల్లగా ఆవిరవుతాయని 1974లో హాకింగ్ చెప్పినప్పటినుంచి, లోపల పడ్డ సమాచారం, అంటే ఏం పడిందో తెలిపే వివరం, ఏమవుతుందన్నదే అసలు గొడవ. అన్నీ అతి సన్నటి తీగలతో అయినవేననే స్ట్రింగ్ థియరీలో సమీర్ మాథుర్ అయితే లోపలంటూ ఖాళీ చోటే లేదు, హొరైజన్ ఉండాల్సిన మేరకంతా తీగల ముద్దే ఉంటుంది అంటారు. స్థలం కూడా చిన్న చిన్న ముక్కలతో అయిందనే లూప్ క్వాంటమ్ గ్రావిటీ వైపు నుంచి రొవెల్లీ, హ్యాగార్డ్ కూలిన పదార్థం వెనక్కి ఎగిసి వైట్ హోల్‌గా బయటికొస్తుంది, బయటివాళ్ళకి మాత్రం అది చాలా చాలా ఆలస్యంగా జరుగుతుంది అంటారు. ఈ రెండూ ఒకదానికొకటి పొసగవు.

నాకు ఆశ కలిగించేది ఏంటంటే ఇందులో కొంతైనా కొలిచి చూడొచ్చు. రెండు బ్లాక్ హోల్స్ కలిశాక వచ్చే గురుత్వ తరంగం (స్థలకాలంలో పుట్టే అల) గంట మోగినట్టు మోగి తగ్గిపోతుందని సి.వి. విశ్వేశ్వర 1970లోనే చూపించారు, 2015 నుంచి అమెరికాలోని లైగో అనే పరికరం వాటిని పట్టుకుంటోంది. హొరైజన్ బదులు ఏదైనా గట్టి పొర ఉంటే ఆ మోత తర్వాత సన్నటి ప్రతిధ్వనులు రావాలి. వచ్చాయని 2016లో కొందరు అన్నారు గానీ వేరేవాళ్ళు అదే డేటాని మళ్ళీ చూస్తే నమ్మదగ్గంత బలంగా లేవు. మహారాష్ట్రలోని హింగోలి జిల్లాలో మన లైగో రాబోతోంది, ఫిజిక్స్ చదివే పిల్లలు ఎవరైనా ఈ థ్రెడ్ చూస్తుంటే దాని గురించి చదవండి, ఇంజనీరింగ్ చేసినవాళ్ళకి కూడా అందులో బోలెడు పని ఉంటుంది.