స్లీప్ ఈజ్ ద కజిన్ ఆఫ్ డెత్: ఆ కజిన్ మనకు ఏ వరస?

క్యాసెట్‌పిచ్చి:
అమెరికన్ ర్యాపర్ నాస్ మొదటి ఆల్బం 'ఇల్‌మాటిక్' మళ్లీ మొదటి నుంచి వింటున్నాను. 20 ఏళ్లు నిండినప్పుడు 2014లో వేసిన రీమాస్టర్, 'ఇల్‌మాటిక్ ఎక్స్‌ఎక్స్'. నా పాత క్యాసెట్‌లో బేస్ అంతా ముద్దముద్దగా ఉండేది, ఇందులో 'ఎన్.వై. స్టేట్ ఆఫ్ మైండ్'లో ఆ పియానో ముక్క, కింద డ్రమ్ము, వాటి మీద ఆ కుర్రాడి గొంతు వేటికవి విడిగా వినిపిస్తున్నాయి. మొదటి చరణం చివర 'ఐ నెవర్ స్లీప్, కాజ్ స్లీప్ ఈజ్ ద కజిన్ ఆఫ్ డెత్' దగ్గరికొచ్చేసరికి ఎప్పట్లాగే ఆగిపోయాను. ఈ లైనుకి తెలుగు ఎక్కడో చదివాను, చాలా బాగా కుదిరింది. 'నిద్ర చావుకి...' దాకా గుర్తుంది, ఆ చివరి మాటే నోటిదాకా వచ్చి ఆగిపోతోంది. అన్న కాదు, తమ్ముడు కాదు. చదివినప్పుడు ఒళ్లు జలదరించింది. ఎవరికైనా తెలుసా?

దాయభాగం:
'దాయాది' అయ్యుంటుంది. అక్కడ ఇంకో మాట పడదు. దాయం అంటే పంచుకునే ఆస్తి, దాన్ని తీసుకునేవాడు దాయాదుడు, అదే మన దాయాది. నిద్రకీ చావుకీ ఉమ్మడి ఆస్తి ఈ శరీరమే కదా, ఒకరు రోజూ కొంచెం కొంచెం తీసుకుంటారు, ఇంకొకరు ఒకేసారి మొత్తం పట్టుకుపోతారు. పైగా తెలుగులో దాయాది అనగానే పగ వినిపిస్తుంది, పేపర్లో 'దాయాది దేశం' అని రాస్తే ఏ దేశమో ఎవరూ అడగరు.

జెర్సీసిటీ:
పగ ఎక్కడుందండీ ఆ లైనులో? ఇక్కడ నల్లవాళ్ల ఇళ్లలో కజిన్ అంటే దగ్గరితనం. రక్తసంబంధం లేకపోయినా చిన్నప్పటి నుంచి ఇంట్లో తిరిగిన పిల్లల్ని 'ప్లే కజిన్' అంటారు, మనం పక్కింటావిణ్ని పిన్నీ అన్నట్టే. నాస్ పెరిగింది న్యూయార్క్‌లోని క్వీన్స్‌బ్రిడ్జ్ గవర్నమెంట్ ఇళ్ల సముదాయంలో, అక్కడ భయపడాల్సింది దూరపు శత్రువుకి కాదు, చనువుగా లోపలికొచ్చేవాడికే. కాబట్టి నా ఓటు మేనబావకి. నిద్ర కూడా అంతే, కబురు చెయ్యకుండా వచ్చి మంచమెక్కుతుంది.

పాలకుర్తి పిల్లోడు:
మా దిక్కు 'పాలోడు' అంటరు. పాలు అంటే వాటా, పాలు పంచుకునేటోడు పాలోడు. దాయాది పుస్తకాల మాట, పాలోడు నోట్లో మాట. ఇంకొకటి, ఇంట్ల ఎవరన్న చనిపోతే పదిరోజుల మైల పట్టేది పాలోళ్లకే, మేనబావకు కాదు. చావుతో లెక్క ఉన్న చుట్టరికం ఇదొక్కటే. జెర్సీసిటీ అక్కా, మీ మేనబావ ఇక్కడ్నే ఓడిపోయిండు.

గురులఘువు:
వరసలు తర్వాత, ముందు లైను వినండి. కజిన్ అర్థం కోసం రాలేదు, ప్రాస కోసం వచ్చింది. ముందు లైను 'డజ్ ఇన్ మై బ్రెత్' అని ముగుస్తుంది, తర్వాతది 'కజిన్ ఆఫ్ డెత్'. డజ్ ఇన్ - కజిన్, బ్రెత్ - డెత్. లోపల డీప్ - స్లీప్ - స్లీప్ వేరే నడుస్తోంది. ఆ చోట 'బ్రదర్' పెట్టి చూడండి, అంతా కూలిపోతుంది. తెలుగులో కూడా చెవికి అంత గట్టిగా తగిలే మాటే కావాలి. పొట్టిగా పలికే లఘువుకి ఒక మాత్ర, పొడుగ్గా పలికే గురువుకి రెండు లెక్కన దాయాది ఐదు మాత్రలు, పాలోడు కూడా ఐదే, నాలుగు మాత్రల దెబ్బలో ఒకటి మిగిలిపోతుంది. కావ్యభాషలో చక్కని మాట ఉంది, జ్ఞాతి. అది గలం, అంటే ఒక గురువు, ఒక లఘువు. నిద్ర గలం, చావు గలం, జ్ఞాతి గలం. మూడూ ఒకే తూకం.

దాయభాగం:
ప్రాస కోసం వచ్చిందని కొట్టిపారేస్తే ఎలా మేష్టారూ? థామస్ సాక్‌విల్ 1563లోనే నిద్రని 'కజిన్ ఆఫ్ డెత్' అన్నాడు, 'ఎ మిర్రర్ ఫర్ మేజిస్ట్రేట్స్' పీఠికా పద్యాల్లో. అక్కడ డజ్ ఇన్ లేదు. గ్రీకులకైతే నిద్ర, చావు కవల సోదరులు, ఇలియడ్‌లో యుద్ధంలో చనిపోయిన సార్పెడాన్ శవాన్ని మోసుకెళ్లేది ఆ ఇద్దరే.

జెర్సీసిటీ:
1563 ఇంగ్లిష్‌లో కజిన్ అంటే ఏ చుట్టమైనా కావచ్చు, ఇప్పటి లెక్క కాదు. సాక్‌విల్‌ని తెచ్చి మీరే మీ దాయాదిని పలచన చేశారు. నాస్ ఎనిమిదో తరగతితో బడి మానేసినవాడు, కానీ వాళ్ల నాన్న ఓలూ దారా జాజ్ కార్నెట్ విద్వాంసుడు, ఇదే ఆల్బంలో ఒక పాట చివర ఆయన వాయిద్యం వినిపిస్తుంది. ఆ ఇంట్లో చెవి బడి కంటే ముందే తయారైంది. నేను గురులఘువు గారి వైపే, ప్రాసే ముందు. మాట ఏదన్నదే తేలాలి.

బమ్మెరవాసి:
ప్రాస ముందా అర్థం ముందా అని పోతన్న దగ్గర ఎవరైనా అడుగుతారా? 'నల్లనివాడు పద్మనయనంబులవాడు కృపారసంబు పైఁ జల్లెడువాడు' చదవండి. రెండో అక్షరం 'ల్ల' నియమం, అది తప్పదు. ఆ నియమమే కృపారసాన్ని చల్లేలా చేసింది, కురిపించేలా కాదు. చల్లడంలో ఉన్న చిలిపితనం కురిపించడంలో లేదు, గోపికకి కావాల్సింది ఆ చిలిపితనమే. గొప్ప కవికి ప్రాస అడ్డం కాదు, తనంతట తను వెళ్లని చోటికి తీసుకెళ్లే దారి. నాస్‌కి 'డజ్ ఇన్' అదే పని చేసింది, బ్రదర్ అని అందరూ అనేదాన్ని కజిన్ దాకా జరిపింది. ఆ ఒక్క మెట్టు దూరంలోనే లైను అందం అంతా ఉంది.

ఇంకొకటి, ఇది చెప్పకుండా ఉండలేను. 'అల వైకుంఠపురంబులో నగరిలో నా మూల సౌధంబు దాపల' దాకా వచ్చి ముందుకు సాగక పోతన్న లేచి వెళ్లిపోయాడని, స్వామే వచ్చి పూర్తి చేశాడని మా ఊళ్లో పిల్లలకి కూడా తెలుసు. ఇదే ర్యాప్ పాట మొదట్లో నాస్ 'దీన్ని ఎలా మొదలెట్టాలో తెలియట్లేదు' అనడం రికార్డులోనే వినిపిస్తుంది. ఆ వెంటనే ఆ చరణం మొత్తం ఒక్క టేకులో చెప్పేశాడని బీట్ కట్టిన డీజే ప్రీమియరే చెప్పాడు. మాట ఆగిన చోట ఏదో జరుగుతుంది.

క్యాసెట్‌పిచ్చి:
అన్నా, ఆ మొదటి మాటే రీమాస్టర్‌లో నన్ను పట్టేసింది. అంటాడు, ఊపిరి పీలుస్తాడు, ఇక ఆగడు. గొంతుని పైకి తెచ్చారేమో అనిపించింది.

పాలకుర్తి పిల్లోడు:
గొంతొక్కటే పైకి తేవాలంటే రీమిక్స్ చెయ్యాలె అన్నా. రీమాస్టర్ల చేతికొచ్చేది కలిపేసిన రెండు చానెళ్ల టేపే, దానిమీద ఏ స్థాయి ధ్వని ఎంత ఉండాలె, మొత్తం ఎంత గట్టిగ ఉండాలె అన్నదే సర్దుతరు. బేస్ల బురద తీస్తే మధ్య స్థాయి బయటపడ్తది, మనిషి గొంతు ఉండేది ఆడనే. రెండో డిస్కు విన్నవా? 1993ల డబ్ల్యూకేసీఆర్ రేడియోల చెప్పిన ఫ్రీస్టైల్ ఉంది, ఆల్బం ఇంక రాకముందు. నాకు అసలు ఆల్బం కన్న అదే ఇష్టం.

గురులఘువు:
సరే, మాటలెందుకు, కట్టి చూపిస్తాను. వాళ్ల బార్ అంటే నాలుగు దెబ్బలు, దెబ్బకి నాలుగు చొప్పున 16 భాగాలు. మన మధురగతి రగడ పాదం కూడా నాలుగు చతుర్మాత్రలు, 16 మాత్రలు. పైగా రగడకి అంత్యప్రాస కావాలి, కాబట్టి ర్యాప్‌కి మన దగ్గర ఇంతకంటే దగ్గరి ఛందస్సు లేదు.

నిదురా పోపో నీవొక ఘాతివి
నిదురా చావుకు నిజమగు జ్ఞాతివి

యతి, ప్రాస, అంత్యప్రాస అన్నీ ఉన్నాయి.

దాయభాగం:
రెండో పాదం మూడో గణం చూడండి. 'నిజమగు' తర్వాత 'జ్ఞా' సంయుక్తాక్షరం. దాని ముందున్న గు గురువైపోతే ఐదు మాత్రలు. నా దాయాదిని ఐదని తోసేసి మీరు ఐదే పెట్టారు.

గురులఘువు:
గు గురువు కాదండీ. 'అగు' తెలుగు మాట, జ్ఞాతితో సంస్కృత సమాసం కాలేదు, కాబట్టి లఘువుగానే ఉంటుంది. 'మృత్యుజ్ఞాతి' అని ఉంటే త్యు గురువయ్యేది.

జెర్సీసిటీ:
అది పుస్తకంలో. బీట్ మీద పైకి చెప్పి చూడండి. నేను చెప్పి చూశాను, 'నిజమగుగ్-నాతివి' అనే వస్తోంది, నాలుక గు మీద ఆగుతోంది. ర్యాప్‌లో తీర్పు నాలుకది, సమాసానిది కాదు. ఇంకా పెద్ద ఇబ్బంది, 'ఐ నెవర్ స్లీప్' ఎక్కడికి పోయింది? వాడు నిద్రని తిట్టట్లేదు, నేను పడుకోను అంటున్నాడు. న్యూయార్క్ వీధుల్లో 'డోంట్ స్లీప్' అంటే కళ్లు తెరుచుకుని ఉండు, ఏమరుపాటు వద్దు అని. ఆ 'నేను' లేకపోతే లైను సగం చచ్చిపోయినట్టే.

బమ్మెరవాసి:
'నేను పడుకోను' అన్నవాడు మనకీ ఉన్నాడుగా, లక్ష్మణుడు. 14 ఏళ్లు. ఆ నిద్ర మొత్తం ఊర్మిళకి పోయింది, ఆడవాళ్ల పాటల్లో 'ఊర్మిళాదేవి నిద్ర' అదే కథ. కావలి కాసేవాడు పడుకోడు, వాడి నిద్ర ఇంకెవరో మోస్తారు. నాస్ చరణంలో కూడా వాడు కావలి కాస్తున్నట్టే ఉంటుంది నాకు. నిద్రాదేవిగా చూస్తే కజిన్ ఆడమనిషి అవుతుంది, అప్పుడు దాయాదీ కాదు, మేనబావా కాదు. మరదలు.

పాలకుర్తి పిల్లోడు:
చావుకు మరదలా! అన్నా, అది వేళాకోళం వరస. ఈడ కుదరదు.

దాయభాగం:
కుదరదు. తమిళ నీతికావ్యం తిరుక్కురళ్‌లో 339వ పద్యం చూడండి, చావు నిద్ర లాంటిది, పుట్టుక మేలుకోవడం లాంటిది అంటాడు తిరువళ్లువర్. అక్కడ చుట్టరికమే లేదు, పోలికే ఉంది. చుట్టరికం కలిపావంటే వరస తేల్చాల్సిందే, వరస తేలితే దాయాదే.

గురులఘువు:
గు లఘువే. 'అగు' లాంటి తెలుగు మాట తర్వాత సంయుక్తం వస్తే గురువు చేసిన పద్యం ఒక్కటి చూపించండి, భారతంలో అయినా సరే.

క్యాసెట్‌పిచ్చి:
నేను చదివింది జ్ఞాతి మాత్రం కాదు, అంతవరకు ఖాయం. రెండక్షరాలో మూడక్షరాలో, మొదట్లో దీర్ఘం ఉంది. పాలోడు కూడా కావచ్చు. ఏదో వారపత్రికలో, పేజీకి ఎడమవైపు, ఆల్బం అట్ట మీది ఆ చిన్నప్పటి నాస్ ఫోటో పక్కన. పాత సంచికలు దాచుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే ఒకసారి తిరగేసి చూడండి.

జెర్సీసిటీ:
బావ. రెండక్షరాలు, మొదట్లో దీర్ఘం.