పాప కోసం ఆరు నెలల సెలవు: మగవాళ్లెవరైనా తీసుకున్నారా?

మాది రాజోలు దగ్గర పల్లెటూరు. రోజూ చించినాడ బ్రిడ్జి దాటి భీమవరం వెళ్లి, ఒక రొయ్యల మేత కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. మా ఆవిడ లెక్చరర్. 2017 సవరణతో వచ్చిన 26 వారాల ప్రసూతి సెలవు ఆవిడకి వచ్చే నెలతో అయిపోతోంది. అత్తయ్యగారు లేరు, అమ్మకి మోకాళ్ల నొప్పులు. అందుకే ఆరు నెలలు నేనే ఇంట్లో ఉందామనుకుంటున్నాను.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులైన తండ్రులకి 15 రోజులుంది. మా ప్రైవేటు వాళ్లకి చట్టంలో అదీ లేదు. ఆఫీసులో అడిగితే నవ్వారు. పెదనాన్నయితే అరుగు మీంచి, "మగాడివి, ఉయ్యాల ఊపుతూ కూర్చుంటావేంట్రా?" అని ఒకటే గొడవ. పాప మాత్రం నా భుజం మీదే నిద్రపోతుంది, మంచం మీద పెట్టగానే లేచిపోతుంది. ఉగ్గుగిన్నెతో పాలు పట్టడం వచ్చేసింది. కాళ్ల మీద వేసుకుని నీళ్లు పోయాలంటేనే భయం, నూనె ఒంటితో జారిపోతుందేమోనని.

జీతం లేని సెలవు మీరెలా అడిగారు? లెటర్‌లో ఏం రాశారు? ఆ నెలల్లో పీఎఫ్ ఎలాగూ పడదు, కంపెనీ ఆరోగ్య బీమా కూడా ఆపేశారా? తిరిగి వెళ్తే అదే సీటు ఇచ్చారా? ఎల్లుండి మేనేజర్‌గారిని కలవాలి, టెన్షన్‌గా ఉంది.